లప్పం అల్లుడూ, వకీలు పిట్టలూ

ఆ వీధిలో ఆయన్ని చిన్నా పెద్దా అందరూ లప్పం అల్లుడనే పిలుస్తారు. నెత్తిన వెంట్రుకలు సెలవు తీసుకున్నాయి, మోకాళ్ళు చెప్పిన మాట వినడం మానేశాయి, ఆయనకే ఇద్దరు అల్లుళ్ళొచ్చారు. అయినా ఆయన అల్లుడే. పిల్లనిచ్చిన మామగారు పోయి ఎన్నో ఏళ్ళయింది. అల్లుడి హోదా మాత్రం పోలేదు. కొత్తగా వీధిలోకి దిగినవాళ్ళు "అదేం పేరండీ?" అని అడిగితే, పాతవాళ్ళు నవ్వు బిగబట్టుకుని "ఆయన్నే అడగండి" అంటారు. ఆయన్ని అడిగితే కిటికీలోంచి గోడ మీదికి చూపించి "వాటినడగండి" అంటాడు.

గోడ మీద ఉండేవి వకీలు పిట్టలు.

వకీలు పిట్ట కాకికి వేలువిడిచిన చుట్టం. పుస్తకాల్లో మాగ్‌పై అని రాస్తారు. తెల్లచొక్కా మీద నల్లకోటు తొడుక్కున్నట్టుంటుంది, పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరితో వాదిస్తూనే ఉంటుంది. అందుకని ఆ ఊళ్ళో ఎవరో మహానుభావుడు దానికా పేరు పెట్టాడు. ఊళ్ళో ఉన్న ఒక్కగానొక్క వకీలు ఈ సంగతి విని నొచ్చుకున్నాడని, పిట్ట మాత్రం ఏమీ అనుకోలేదని చెప్పుకునేవారు. దానికి ఒళ్ళెంతో తోకంత. దూరాన్నుంచి చూస్తే వట్టి నలుపూ తెలుపే. ఎండలో దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది, ఆ నలుపు నలుపు కాదని. రెక్క మీద నీలం, తోక మీద ఆకుపచ్చ, కొసకు వెళ్ళేసరికి వంగపండు రంగు. నీళ్ళ మీద నూనె చుక్క విచ్చుకున్నప్పుడు కనిపిస్తాయే, ఆ రంగులు. నేల మీద నడిచేటప్పుడు ఛాతీ ముందుకు పెట్టి, తోక కాస్త ఎత్తి, తనిఖీకి వచ్చిన అధికారిలా నడుస్తుంది. తొందరొచ్చిందంటే ఆ దర్జా అంతా గాలికొదిలేసి పక్కకి పక్కకి గెంతుతుంది. గొంతు విప్పితే అగ్గిపెట్టె ఆడించినట్టే. ఎప్పుడూ జంటగా తిరుగుతాయి. ఒకటి కనిపించిందంటే, రెండోది ఏ కొమ్మ మీదో కూర్చుని దాన్ని తప్పు పడుతూ ఉంటుందన్నమాట.

ఇక అల్లుడి సంగతి.

మామగారు కిటికీలకు అద్దాలు బిగించే మేస్త్రీ. ఒక్కతే కూతురు కావడంతో అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకున్నాడు. ఆ ఇంటి ముందు భాగం కాపురం, పెరటి వైపు షెడ్డు. షెడ్డులో గోడకు చేరవేసి అద్దపు పలకలు నిలబడి ఉండేవి. తలుపు తీయగానే ఆకాశం లోపలికొచ్చి నేల మీద ముక్కలు ముక్కలుగా పడేది. ఆ షెడ్డులో అందరికన్నా పెద్దమనిషి ఒక కలం. రాసే కలం కాదు, అద్దం కోసేది. చెక్క పిడి, కొసన ఆవగింజంత వజ్రపు తునక. దాన్ని అద్దం మీద లాగితే "కిర్ర్..." మని పట్టు చిరిగినట్టు చప్పుడొచ్చేది. మామగారు తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. పెళ్ళయి అడుగుపెట్టిన నాటినుంచి అల్లుడి ఉద్యోగం ఒకటే: అద్దాల చట్రం వీపుకు కట్టుకుని మామగారి వెనకాల నడవడం. వీధిలో పిల్లలు ఆయన వెనక చేరి, వీపు మీది అద్దంలో చూసుకుని తల దువ్వుకునేవారు.

ఆ ఇంట్లో ఒక ఆచారముంది. కోత మగవాళ్ళది, పిసుకుడు ఆడవాళ్ళది. చట్రంలో అద్దం కూర్చోబెట్టాక అది కదలకుండా చుట్టూ పెట్టే ముద్దే లప్పం. సుద్దపొడిలో అవిసెనూనె పోసి, చేతులు పడిపోయేదాకా పిసకాలి. మెత్తగా పెట్టిన ముద్ద నెమ్మదిమీద రాయవుతుంది. అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఆ పని ఆవిడదే. ఆవిడ పోయాక మామగారు తనే పిసుక్కునేవాడు. కూతురికి పెళ్ళయ్యాక ఆ పిల్ల నడుం బిగించింది. "మా ఆయన కట్టే కిటికీకి లప్పం నేను కలుపుతాను. అమ్మ దగ్గర నేర్చుకున్నాను. నువ్వు చెయ్యి పెట్టకు నాన్నా" అంది.

అదే సమయానికి ఊరి బడిలో వెనక వసారా కిటికీల పని వచ్చింది. మామగారు అద్దాలన్నీ కొలతకు కోసిచ్చి, కలం గుడ్డలో చుట్టి పెట్టేసి, అల్లుడివైపు తిరిగాడు.

"బిగించడమంతా నీదే. నేను రాను. ఈ కిటికీలు నిలబడ్డాయా, కలం నీ చేతికిస్తాను. ఊడాయా, జీవితాంతం నువ్వు అద్దాలు మోసే అల్లుడివే. తర్వాత నన్నేమీ అనకు."

అల్లుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేశాడు. బొటనవేలితో లప్పం అదిమి, బద్దతో ఏటవాలుగా గీసి, మూలలు కత్తిరించినట్టు తీర్చాడు. పని పూర్తయ్యాక వసారా చివర నిలబడి చూసుకుంటే, కిటికీల వరసంతా తళతళలాడిపోయింది. ఇంటికొచ్చి పెళ్ళాంతో "చూడు, ఇంక కలం మన ఇంట్లోదే" అన్నాడు. "ఇప్పుడు మాత్రం పక్కింట్లో ఉందా?" అంది ఆవిడ.

కొద్ది రోజులకే బడి బంట్రోతు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"మేస్త్రీగారూ, మీ అల్లుడు కట్టిన కిటికీలు చలిజ్వరమొచ్చినట్టు వణుకుతున్నాయండీ. గాలేస్తే చాలు, టకటకటక. ఒకటైతే పూలకుండీలోకి దూకేసింది."

మామగారు వెళ్ళి చూసొచ్చాడు. చెప్పులు విప్పకుండానే అరుగు మీద కూలబడి, "లప్పం సగం లేదు. గంట్లు గంట్లుగా ఎవరో తవ్వినట్టుంది. ఏమోయ్, బొటనవేలు పెట్టి అదిమావా, లేక దణ్ణం పెట్టి వచ్చేశావా?" అన్నాడు.

"అదిమాను మామయ్యగారూ. చూడండి, వేలు ఇంకా వాచే ఉంది."

"వేలు చూపించకు. కిటికీలు చూపించు. వెళ్ళి మళ్ళీ పెట్టు. మూడోసారి లేదు."

అల్లుడు మళ్ళీ పెట్టాడు. పెళ్ళాం మళ్ళీ పిసికింది, ఈసారి మరింత శ్రద్ధగా. బంట్రోతు మళ్ళీ వచ్చే లోపలే తేల్చుకోవాలని, పెట్టిన మర్నాడు పొద్దున్నే అల్లుడు బడి వెనక నీళ్ళ తొట్టి చాటున నక్కి కూర్చున్నాడు. బడి పిల్లల మీద అనుమానం ఆయనకు. తను చిన్నప్పుడు చేయని వెధవ పని లేదు మరి.

పిల్లలు రాలేదు. వకీళ్ళొచ్చారు.

ఆటస్థలం మూల ఆకులు రాలిన పొడుగాటి చెట్టుంది. దాని కొమ్మల్లో ముళ్ళపుల్లలతో కట్టిన బుట్టంత గూడు. మామూలు పిట్టల గూడులా నోరు తెరుచుకుని ఉండదది. పైన కూడా ముళ్ళతోనే కప్పు వేసుకుని, పక్కన దొడ్డిదారి పెట్టుకుని దర్జాగా ఉంది. అందులోంచి ఒకటి దిగి, కిటికీ గుమ్మం మీద వాలి, అటూ ఇటూ చూసి, లప్పంలో ముక్కు దింపింది. ఒక ముద్ద మింగింది. ఇంకో ముద్ద గోడ పక్కకు తీసుకెళ్ళి, నేలలో గుచ్చి, పైన ఒక ఎండుటాకు కప్పింది. కప్పి, నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి చూసి, తొట్టి చాటున మనిషి ఉన్నాడని పసిగట్టిందో ఏమో, మళ్ళీ వచ్చి తవ్వుకుని ఇంకోచోట దాచుకుంది. దాని ఆలి ఇంకో ముద్ద నోట కరుచుకుని గూటికి పోయింది. లోపల అడుగున మన్ను మెత్తుకోవడం ఆ జాతికి అలవాటట. మన్ను కోసం దూరం పోవడమెందుకు, లప్పం దగ్గర్లో ఉండగా!

కోపం రావలసిన మనిషికి వింత పట్టుకుంది. గుమ్మం మీది పిట్టకు గొంతు కింద నల్లటి ఈకల మీద తెల్లగా లప్పం అంటుకుంది. తింటూ తింటూ అది అద్దంలోకి చూసింది. మామూలు పిట్టయితే లోపల ఇంకో పిట్ట ఉందనుకుని పోట్లాటకు దిగుతుంది. ఇది అలా చేయలేదు. తల ఒకపక్కకు వంచింది, ఇంకోపక్కకు వంచింది, కాలెత్తి తన గొంతు కింద ఆ తెల్లమచ్చను గీకేసుకుంది. మళ్ళీ అద్దంలో చూసుకుని, శుభ్రమైందని నమ్మకం కుదిరాక ఎగిరిపోయింది.

అల్లుడు నిచ్చెన వేసుకుని ఎక్కాడు. ఆయన్ని తొలుస్తున్న ప్రశ్న ఒకటే: ఊళ్ళో ఇన్ని కిటికీలుండగా నా లప్పమే ఎందుకు? బడి ముందువైపు మామగారు ఎప్పుడో కట్టిన కిటికీలున్నాయి. వాటినొక్క పిట్టా ముట్టుకోలేదు. వాసన చూశాడు. అవిసెనూనె వాసన వెనక ఇంకేదో ఉంది, వంటింటి వాసన. వేలితో తీసి చూస్తే పోయేది. కానీ రెండు చేతులూ నిచ్చెనకు అంకితమై ఉన్నాయి. మెడ చాచి, నాలుక చాచి, కిటికీ మూలన ఒక్కసారి నాకాడు.

వెన్న!

సందేహం లేదు. నిర్ధారణ కోసం ఇంకోసారి నాకాడు. అప్పుడు అద్దంలో తన మొహం పక్కన ఇంకో మొహం కనిపించింది. కళ్ళజోడు, ముడి, నోరు తెరుచుకుని ఉంది. బడి పెద్ద టీచరమ్మ.

"అద్దాలు తుడవడానికి బంట్రోతున్నాడండీ," అందావిడ. "మీరు అంత శ్రమ పడక్కర్లేదు."

అల్లుడు నిచ్చెన దిగి నమస్కారం పెట్టి నడిచాడు. దారి పొడుగునా జనం తనవంక ఎందుకు చూస్తున్నారో ఇంటికి చేరేదాకా తెలియలేదు. పెళ్ళాం గుమ్మంలోనే ఆపి, కొంగుతో ఆయన మీసం తుడిచింది. మీసం నిండా లప్పం. పిట్టకున్న పాటి బుద్ధి ఆయనకు లేకపోయింది. అద్దం ముందే ఉన్నా చూసుకోలేదు.

"లప్పంలో వెన్న వేస్తున్నావా?" అన్నాడు గొంతు తగ్గించి.

"కొంచెమే వేస్తున్నానండీ. అమ్మ వేసేది. సుద్దపొడికి చేతులు పగిలిపోతాయి, వెన్న వేసుకుంటే మెత్తగా ఉంటాయని చెప్పింది. మీ కిటికీలని ఈసారి ఇంకాస్త ఎక్కువే వేశాను." ఆవిడ అరచేతులు చూపించింది. సుద్ద గీతల మధ్య పగుళ్ళు ఇంకా ఉన్నాయి. "ఎందుకు, ఏమైనా తేడా వచ్చిందా?"

ఆయన ఆ చేతులవంక చూశాడు. నిజం చెబితే కలం దక్కుతుంది. తప్పు బొటనవేలిది కాదు, వెన్నదని మామగారికి తెలిసిపోతుంది. కానీ ఆ వెన్న వేసింది ఆయన కూతురు, నేర్పింది పోయిన ఆయన భార్య. "ఏం లేదులే," అన్నాడు.

సాయంత్రానికి ఊరంతా పాకిపోయింది. రాత్రి భోజనాల దగ్గర మామగారు కంచంలోంచి తల ఎత్తకుండానే మొదలుపెట్టాడు.

"అద్దం నాకావటగా?"

"ఆఁ... పిట్టలు తింటున్నాయి మామయ్యగారూ. వకీలు పిట్టలు. నా కళ్ళతో చూశాను. అంత ఇష్టంగా ఎందుకు తింటున్నాయో అని, రుచి చూద్దామని..."

"ఎలా ఉంది?"

అల్లుడు పెళ్ళాం వంక చూశాడు. ఆవిడ గరిటె పట్టుకుని వింటోంది.

"ఉప్పు తక్కువైంది."

ఆవిడ పక్కుమంది. మామగారు నవ్వలేదు. "నా ఇంట్లో తిండి చాలక అల్లుడు కిటికీలు తింటున్నాడని రేపట్నుంచి నేను వినాలి. పిట్టలు లప్పం తినడమేంటి, నీ మొహం! కలం మాట ఇంక ఎత్తకు" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ వేళనుంచి వీధి ఆయనకు పెట్టిన పేరే లప్పం అల్లుడు.

మర్నాడు మామగారు పనిముట్లు ఏమీ పట్టుకోకుండా ఎటో వెళ్ళొచ్చాడు. ఆ మర్నాడు అల్లుడు పాత లప్పం గీకేద్దామని బడికెళితే, పెద్ద టీచరమ్మ ఎదురొచ్చింది. ఆవిడ మొహంలో కోపం లేదు, నిజమైన ఆదుర్దా ఉంది.

"ఏమీ అనుకోకండి. మీ ఇంట్లో అందరికీ ఉందా ఇది? మొన్న మీరు. నిన్న మీ మామగారు. ఆయనైతే ఒక్కో కిటికీ దగ్గరా ఆగి ఆగి నాకుతూ పోయారు. చివరి కిటికీ దగ్గర కళ్ళు తుడుచుకుంటున్నారు కూడా. డాక్టరుకి చూపించండి."

అల్లుడు గీకుడు పని అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాడు. మామగారు షెడ్డులో ఒక్కడే కూర్చుని సుద్దపొడి పిసుకుతున్నాడు. తలుపు దగ్గరకు వేయమని సైగ చేశాడు.

"నాకెందుకు చెప్పలేదురా?" అన్నాడు. ఎప్పుడూ "ఏమోయ్" దాటని మనిషి, మొదటిసారి "రా" అన్నాడు.

"ఏం చెప్పమంటారు మామయ్యగారూ?"

"వెన్న సంగతి." కాసేపు పిసికాడు. "మీ అత్తయ్య కూడా వేసేది. పెళ్ళయిన కొత్తలో నేను కట్టిన కిటికీలన్నీ ఈ పిట్టలే తినేశాయి. చెబుదామనే వచ్చా. వస్తే, నీ కోసం మెత్తగా కలిపానని ముద్ద చేతిలో పెట్టింది. ఆ మొహం చూశాక ఇంకేం చెబుతాను? అప్పట్నుంచీ ఆవిడ ముద్ద తెచ్చి ఆ గోడ మీద పెట్టేవాణ్ణి, పిట్టలకి. ఈ తలుపేసుకుని నా ముద్ద నేను పిసుక్కునేవాణ్ణి. పోయేదాకా ఆవిడకి తెలీదు. ఆవిడతోనే ఆ వెన్న పోయిందనుకున్నా. పిల్లకి కూడా నేర్పిందని నాకేం తెలుసు? నువ్వు పిట్టలన్నాకే అనుమానమొచ్చింది, పిల్ల వింటోందని కసిరేశా."

అల్లుడు పక్కన కూర్చుని ముద్దకి తనూ చెయ్యి వేశాడు.

"ఇన్నేళ్ళయింది కదా, ఆ రుచి మర్చిపోయాననుకున్నా," అన్నాడు మామగారు. ముక్కు గట్టిగా చీదుకున్నాడు. "అది సరేగానీ, నిజంగానే ఉప్పు తక్కువే."

ఇద్దరూ నవ్వారు, బయటికి వినపడకుండా నోళ్ళు మూసుకుని. తర్వాత మామగారు చేతులు తుడుచుకుని గుడ్డమూట విప్పి, కలం తీసి అల్లుడి అరచేతిలో పెట్టాడు. బడి కిటికీలకు మగవాళ్ళిద్దరూ పిసికిన లప్పం పెట్టారు. అవి ఊడలేదు.

ఆ తర్వాత జీవితమంతా ఒకే తీరుగా నడిచింది. పొద్దున్నే ఆవిడ ముద్ద అందించేది. ఆయన షెడ్డు వెనక గోడ మీద దాన్ని చిదిమి పెట్టేవాడు. పిట్టలు కాచుకుని ఉండేవి. వీధిలో వందమందిలో ఆయన మొహాన్ని గుర్తుపట్టి కొమ్మ కొమ్మకూ వెంబడించేవి. ఆయన నెత్తిన వేరే టోపీ పెట్టినా మోసపోయేవి కావు. ఎండాకాలం మొదట్లో కురచ తోకల కూనలను తీసుకొచ్చి పరిచయం చేసేవి. ఒక ఏడు జంటలో ఒకటి గోడ కింద చచ్చి పడి ఉంటే, ఎక్కడెక్కడి వకీళ్ళో వచ్చి చుట్టూ మూగాయి. కాసేపు గోల చేసి, ఉన్నట్టుండి అన్నీ ఒక్కసారే నోరు మూసుకున్నాయి. అంత నిశ్శబ్దం ఆ పెరట్లో మళ్ళీ మామగారు పోయిన రోజే ఉంది.

ఆవిడ మాత్రం వీధి ఆడవాళ్ళకు చెప్పుకునేది: "నా చేతి లప్పంతో కట్టిన కిటికీ ఒక్కటైనా ఊడిందా, చెప్పండి!" ఆయన పక్కనే నిలబడి "లేదు, లేదు" అని తల ఊపేవాడు.

ఇప్పుడు కిటికీలన్నీ జారుడు తలుపులు. చుట్టూ గొట్టంలోంచి పిండిన ఏదో జిగురు. లప్పం ఎవరికీ అక్కర్లేదు, అయినా ఆవిడ పొద్దున్నే ముద్ద కలిపివ్వడం మానలేదు. కలం గోడకు వేలాడుతోంది. మొన్నీమధ్య బడివాళ్ళు ఆ పొడుగాటి చెట్టు కొట్టేస్తుంటే ఆయన వెళ్ళి, పాత గూడొకటి అడిగి తెచ్చుకున్నాడు. ముళ్ళు గుచ్చుకుంటాయని గుడ్డలో చుట్టి, షెడ్డులో పైఅరమీద పెట్టాడు, పెళ్ళాం కంట పడకుండా.

పడనే పడింది. సాయంత్రం టీ గ్లాసుతో వచ్చి, గూడు దించి వెలుతుర్లో పెట్టి చూసింది. అడుగున రాయిలా గడ్డకట్టిన బూడిదరంగు పూత. గోటితో గీకి, వాసన చూసింది. వెన్న వాసన ఎప్పుడో పోయి ఉంటుంది. అయినా అంది:

"నా లప్పమే ఇది."

ఆయన కంగారుగా టీ గుక్క మింగాడు. "అది... ఎప్పుడో ఒక ముక్క ఎత్తుకుపోయి ఉంటాయి, దొంగ పిట్టలు."

"ఊరుకోండి," అంది ఆవిడ. "మీరూ నాన్నా తలుపేసుకుని ఏం పిసికేవారో నాకు తెలీదనుకున్నారా? ఉతికేది నేను. మీ చొక్కా చేతుల నిండా సుద్దే. బిగించేవాడికి వేళ్ళకే అంటుతుంది, పిసికేవాడికి మోచేతిదాకా."

ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. "మరి తెలిసీ... ఇన్నాళ్ళూ ఎందుకే, చేతులు నొప్పెట్టుకుని?"

"నేను ఆపేస్తే అవేం తింటాయి? రుచి మరిగిన పిట్టలు, వెన్న లేకపోయినా మళ్ళీ మీ కిటికీల మీదే పడేవి. అప్పుడు కలం మళ్ళీ నాన్న చేతికి పోయేది." ఆవిడ గూడును మళ్ళీ గుడ్డలో చుట్టింది. "అమ్మ కూడా అందుకే వేసేదేమో. ఎవరు చూశారు?"

గోడ మీద అగ్గిపెట్టె ఆడించినట్టు చప్పుడైంది. పొద్దుటి ముద్ద సాయంత్రమైనా రాలేదని గొడవ. ఆవిడ లేచి, నడుం పట్టుకుని, వంటింట్లోకి వెన్నగిన్నె కోసం వెళ్ళింది. వెనకనుంచి ఆయన అరిచాడు:

"ఈసారి కాస్త ఉప్పు కూడా వెయ్యి!"